నానోవైర్లలో అతివాహక కరెంటు: పీహెచ్‌డీకి తగిన అంశమేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నానోవైర్లలోని క్వాంటం డాట్‌ల గుండా పారే అతివాహక కరెంటు మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంత చిన్న అంశం పట్టుకుంటే రేపు ఉద్యోగం ఎవరిస్తారని ఇంట్లో అడుగుతున్నారు. వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదు. నన్నేం చేయమంటారు?

జవాబు: చేయండి. కానీ క్వాంటం కంప్యూటర్ల వార్తలు చూసి మాత్రం వద్దు. ప్రయోగశాలలో రోజూ జరిగే పని మీ మనసుకు పట్టాలి. మీ ఉత్తరంలో అంశం మీద ఇష్టం కనిపించింది గానీ, ఆ పని గురించి ఒక్క మాటా లేదు. అందుకే ముందు దాని గురించి చెబుతాను.

సుమారు వంద నానోమీటర్ల మందమున్న ఇండియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు తీగ (ఇదే నానోవైర్) మీద, కాస్త ఎడంగా రెండు అల్యూమినియం ఎలక్ట్రోడ్లు పరుస్తారు. దాదాపు 1.2 కెల్విన్ కన్నా చల్లబడితే అల్యూమినియం అతివాహకమవుతుంది, అంటే కరెంటు ఏ నిరోధమూ లేకుండా పారుతుంది. దానిలోని ఎలక్ట్రాన్లు రెండేసిగా కలిసి కూపర్ జంటలుగా ఏర్పడి, మధ్యలో ఉన్నది మామూలు అర్ధవాహకమే అయినా, వోల్టేజి లేకుండానే అవతలికి దాటుతాయి. రెండు అతివాహకాల నడుమ సన్నని అడ్డు ఉన్నా ఇలా కరెంటు పారుతుందని 1962లో చెప్పిన బ్రయన్ జోసెఫ్‌సన్ వయసు అప్పటికి 22 ఏళ్లు. ఆయన కూడా పరిశోధక విద్యార్థే.

గేట్లు అనే చిన్న ఎలక్ట్రోడ్లకు వోల్టేజీ ఇచ్చి తీగలో కొద్దిపాటి చోటును వేరుచేస్తే అదే క్వాంటం డాట్. అందులోకి ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా చేర్చవచ్చు, తీసేయవచ్చు. ఒకటి ఉన్నచోటికి మరొకటి రావాలంటే వికర్షణ అడ్డుపడుతుంది కాబట్టి జంట కలిసికట్టుగా దూరలేదు. ఒకదాని వెనక ఒకటిగా దాటాలి. డాట్‌లో ఎలక్ట్రాన్లు బేసి సంఖ్యలో ఉంటే, ఆ దాటడంలో జంట స్పిన్ల (ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే గుణం) వరస తారుమారై, కరెంటు దిశే తిరగబడవచ్చు.

2006లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం దీన్ని నానోవైర్‌లో చూపింది. ఎలా చూపిందో శ్రద్ధగా గమనించండి. ఒక జంక్షన్‌లో, అంటే రెండు అతివాహకాలు ఇలా కలిసే చోట, అత్యధికంగా ఎంత అతివాహక కరెంటు పారగలదో కొలిస్తే పరిమాణం తెలుస్తుంది, దిశ తిరగబడిందో లేదో తెలియదు. అందుకని డాట్ ఉన్న జంక్షన్‌ను మరో జంక్షన్‌తో కలిపి వలయం చేశారు. వలయం గుండా పోయే అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ పోతే మొత్తం కరెంటు అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. డాట్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య సరి నుంచి బేసికి మారినప్పుడు ఆ అల సగం ఆవర్తనం పక్కకు జరగడం కనిపించింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా అందంగా తోచే కొలత ఇదే. దీన్ని చదివాక, ఇంకెలా కొలవవచ్చా అని మీకు ఆలోచన పుడితే ఈ దారి మీకు సరిపోతుంది.

ఇక ఉద్యోగం సంగతి. ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనదే, కానీ వాళ్లు అంశం పేరును చూస్తున్నారు. ఉద్యోగమిచ్చేవారు మీకొచ్చిన పనిని చూస్తారు. ధూళి లేని క్లీన్‌రూమ్‌లో ఎలక్ట్రాన్ పుంజంతో అతి సూక్ష్మమైన నమూనాలు గీసే ఎలక్ట్రాన్ బీమ్ లితోగ్రఫీ, మిల్లీకెల్విన్ స్థాయికి చల్లార్చే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ నిర్వహణ, నానో ఆంపియర్ కరెంటును రొదలోంచి వేరుచేసి కొలవడం, ఆ కొలతలను నడిపే ప్రోగ్రాములు రాయడం: చిప్‌లు, కొలత పరికరాలు, శీతలీకరణ యంత్రాలు, క్వాంటం ప్రాసెసర్లు తయారుచేసే సంస్థలన్నిటికీ ఈ పని తెలిసినవారు కావాలి.

ఇంట్లో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1980ల మధ్యలో అమెరికాలోని బర్కిలీలో ప్రొఫెసర్ జాన్ క్లార్క్ దగ్గర జాన్ మార్టినిస్ పరిశోధక విద్యార్థి, మిషెల్ డెవొరె పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ ముగించాక పరిశోధన చేసేవారు). బయటి తరంగాల రొద జోసెఫ్‌సన్ జంక్షన్‌లోకి చొరబడకుండా రాగిపొడి నింపిన ఫిల్టర్లు తయారుచేసుకుని మరీ కొలిచారు. ఆనాటి ప్రయోగాలకే 2025లో ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మార్టినిస్ తరవాత గూగుల్‌లో క్వాంటం ప్రాసెసర్ల పరిశోధనను నడిపించారు. నోబెల్ అందరికీ రాదు, కానీ రొదను అరికట్టడం నేర్చుకున్నవారికి పని దొరుకుతుంది.

కష్టం కూడా తెలుసుకోండి. వారాల తరబడి శ్రమించి చేసిన పరికరం స్థిర విద్యుత్తు తగిలి క్షణంలో కాలిపోతుంది. చల్లార్చాక గేటు పనిచేయడం లేదని బయటపడుతుంది. ఇది తరచుగా జరిగేదే, దీనికి నిరాశపడే స్వభావమైతే సిద్ధాంత పరిశోధన వైపు వెళ్లడం మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది బృందం. నానోవైర్లలో మయొరానా కణాల (తమకు తామే ప్రతికణాలయ్యేవి) జాడను చూపామంటూ 2018లో వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసాన్ని 2021లో రచయితలే ఉపసంహరించుకున్నారు, శాస్త్రీయ కచ్చితత్వం చాలనందుకు క్షమాపణ చెప్పారు. తీగలో అనుకోకుండా ఏర్పడిన క్వాంటం డాట్ కూడా అచ్చం అలాంటి సంకేతమే ఇవ్వగలదు. కాబట్టి మీకు నచ్చిన బృందాల పాత విద్యార్థులకు ఇప్పుడే ఉత్తరాలు రాయండి. ముడి కొలతలన్నీ వ్యాసంతో పాటు ప్రచురిస్తారా? అనుకున్నదానికి విరుద్ధమైన ఫలితం వస్తే మార్గదర్శకులు ఏమంటారు? రిఫ్రిజిరేటర్ మీద కొత్త విద్యార్థికి ఎంత కాలానికి వంతు వస్తుంది? రెండో ప్రశ్నకు జవాబు దాటవేసిన చోటికి, ఎంత పేరున్నదైనా సరే, దరఖాస్తు పెట్టకండి.