ఫ్లయింగ్ బ్రాంచ్ కలగంటున్న మేనల్లుడికి

చిరంజీవి హర్షకు మావయ్య ఆశీస్సులు.

కాలేజీలో పెట్టిన కంటి క్యాంపులో చుక్కల పుస్తకంలోని అంకెలు సగం చదవలేకపోయావనీ, అప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా నా సర్వీసులో చాలా ఏళ్లు కంటి పరీక్షల గదిలోనే గడిచాయి. ఫైటర్ పైలట్ కావాలని నీకు ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు. అందుకే దేన్నీ తీపి చేసి చెప్పను.

ముందు నువ్వు చేయాల్సింది ఒక్కటే. మళ్లీ, సరైన చోట టెస్టు చేయించుకో. రంగుల చూపును పరీక్షించే ఆ చుక్కల పుస్తకం పేరు ఇషిహారా. జపాన్ సైన్యంలో డాక్టరుగా ఉన్న షినోబు ఇషిహారా 1917లో దాన్ని ప్రచురించాడు. దాన్ని పగటి వెలుతురులో, 75 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఒక్కో ప్లేటుకు మూడు సెకన్లు మాత్రమే ఇవ్వాలి. పసుపు బల్బు కింద చూసినా, వెలిసిపోయిన పాత పుస్తకంలో చూసినా ఫలితం మారిపోవచ్చు. ఫోన్‌లో చేసే టెస్టులనైతే అసలు లెక్కలోకి తీసుకోకు. పైగా ఇషిహారా లోపం ఉందో లేదో పట్టుకుంటుంది గానీ ఎంత ఉందో సరిగా చెప్పదు. అది తెలియాలంటే ఫార్న్స్‌వర్త్ డీ-15, అనోమలోస్కోప్ లాంటి పరీక్షలు కావాలి. విశాఖలో ఎల్వీ ప్రసాద్ లాంటి పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లి, ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని ఈ రెడ్-గ్రీన్ లోపం ఏ రకం, ఎంత తీవ్రం అని అడిగి కాగితం మీద రాయించుకో. ఈ నెలలోనే వెళ్లు. ఇంటర్ రెండో ఏడాది వరకు ఆగకు.

రిపోర్టులో లోపం నిజమేనని తేలితే ఫ్లయింగ్ బ్రాంచ్‌కు దారి లేదు. రంగుల చూపుకు మన వైమానిక దళంలో సీపీ-1, సీపీ-2, సీపీ-3 అని గ్రేడ్లున్నాయి. పైలట్‌కు సీపీ-1 కావాలి. దాన్ని తేల్చడానికి చీకటి గదిలో మార్టిన్ ల్యాంటర్న్ పెడతారు. చిన్న రంధ్రాల్లోంచి ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దీపాలు జంటగా వెలుగుతాయి. ఒక్కో జంటకు రంగులు చెప్పాలి. పుట్టుకతో వచ్చిన ఈ లోపాన్ని పోగొట్టే ఆపరేషన్ గానీ మందు గానీ లేదు. 2009లో కోతులకు జన్యు చికిత్స చేసి రంగులు చూపించగలిగారు. నిజమే, కానీ నీ వయసు లెక్కలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రంగుల కళ్లద్దాలు ఏవేవో అమ్ముతున్నారు. అవి రెండు రంగుల మధ్య తేడా కొంచెం పెంచి చూపిస్తాయేమో గానీ నీ కంటిని మార్చవు, మెడికల్‌లో ఒప్పుకోరు. వాటికి డబ్బు తగలేయకు.

కోచింగుల దగ్గర ఒక మాట నీ చెవిన పడుతుంది, ప్లేట్లన్నీ బట్టీ కొట్టేయమని. అలా వచ్చిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. ప్లేట్లు వరుసలో చూపించరు. రంగులు బాగా కనిపించేవాళ్లకు ఏ అంకే కనబడక, లోపం ఉన్నవాళ్లకు మాత్రమే అంకె కనబడే ప్లేట్లు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి. ఒకవేళ అక్కడ గట్టెక్కినా ల్యాంటర్న్ ఉంది. దొరికిపోతావని మాత్రమే కాదు నేను వద్దనేది. రన్‌వే పక్కన పాపీ అనే నాలుగు దీపాలు ఉంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన ఎత్తులో దిగుతున్నట్టు, నాలుగూ ఎరుపైతే ప్రమాదకరంగా కిందికి వచ్చేసినట్టు. 2002 జూలైలో అమెరికాలోని తలహసీలో ఫెడెక్స్ సరుకు విమానం తెల్లవారకముందే దిగుతూ, రన్‌వేకి ముందే చెట్లను కొట్టుకుని కూలింది. దాన్ని నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్‌కు రెడ్-గ్రీన్ లోపం ఉంది, మినహాయింపు మీద ఎగురుతున్నాడు. ప్రమాద కారణాల్లో ఆ లోపాన్ని కూడా దర్యాప్తులో లెక్కవేశారు. ముగ్గురు సిబ్బందీ ప్రాణాలతో బయటపడ్డారు. యుద్ధవిమానమైతే రాత్రిపూట పక్క విమానం ఎడమ రెక్కకున్న ఎర్రదీపం, కుడి రెక్కకున్న పచ్చదీపం చూసి అది ఎటు తిరుగుతోందో పోల్చుకోవాలి. రేడియో పోతే టవర్ నుంచి వచ్చే రంగు దీపమే ఆధారం. ఆ గ్రేడు నీలాంటి పిల్లల ఆశ తుంచడానికి పెట్టింది కాదురా.

ఇక మీ అమ్మ సంగతి. ఇది తన వల్లే వచ్చిందని ఆమె కుమిలిపోతోంది. రెడ్-గ్రీన్ లోపం ఎక్స్ క్రోమోజోమ్‌తో వస్తుంది. మా నాన్నకు, అంటే మీ తాతయ్యకు ఇది ఉండేది. మిరపచేలో పండుకాయ కోయమంటే పచ్చికాయలూ కలిపి కోసేవాడు, మా అమ్మ కేకలేసేది. దానికో పేరుందని అప్పుడు ఎవరికీ తెలియదు. కొడుక్కి తండ్రి ఎక్స్ రాదు కాబట్టి నాకు రాలేదు. కూతురికి తప్పకుండా వస్తుంది కాబట్టి మీ అమ్మకు వచ్చింది. ఆమె రెండో ఎక్స్ బాగుంది గనుక ఆమెకు రంగులు మామూలుగానే కనిపిస్తాయి. ఆమె నుంచి ఒక్కో కొడుక్కి వచ్చే అవకాశం సగానికి సగం. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇంట్లో ఎవరైనా, చివరికి మీ నానమ్మైనా సరే, ఆమెను ఒక్క మాట అంటే నువ్వే అడ్డుపడు. మీ తమ్ముడికి కూడా ఇప్పుడే టెస్టు చేయించండి. ఆఫీసర్లను ఎంపికచేసే ఎస్సెస్బీ ఇంటర్వ్యూలో అన్ని రోజులూ నెగ్గి, మెడికల్‌లో మొదటిసారి ఈ సంగతి తెలుసుకుని నిలువునా కూలబడిన కుర్రాళ్లను చూశాను. అంతకన్నా పాపం లేదు.

సీపీ-1 రాకపోతే వైమానిక దళం తలుపులన్నీ మూసుకుపోవు. టెక్నికల్ బ్రాంచ్‌కు సీపీ-2 అడుగుతారు. అకౌంట్స్, లాజిస్టిక్స్, ఎడ్యుకేషన్ లాంటివాటికి సీపీ-3 సరిపోయేది. వైమానిక దళంలో ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష ఏఫ్‌క్యాట్ కొత్త నోటిఫికేషన్‌లో మెడికల్ భాగం చదివి, నీ రిపోర్టు పక్కన పెట్టి చూసుకో. నీకు లెక్కలు, ఫిజిక్స్ బాగా వస్తాయి. నా అభిప్రాయం అడిగితే ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చేయమంటాను. హెచ్ఏఎల్, డీఆర్డీవో, బెంగళూరులోని ఎన్ఏఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో విమానాలను తయారుచేసేవాళ్ల పని నడిపేవాళ్ల పనికన్నా ఏమీ చిన్నది కాదు. కోపంలో మాత్రం రైల్వే లోకో పైలట్ వైపో, మర్చంట్ నేవీ డెక్ వైపో వెళ్లకు. అక్కడా రంగుల చూపు గట్టిగానే చూస్తారు. ప్రైవేటు పైలట్ ట్రైనింగ్ గురించి మీ నాన్న అడిగారట. పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ ఇచ్చే క్లాస్-1 మెడికల్ సర్టిఫికెట్ చేతికి రాకుండా ఏ ఫ్లయింగ్ స్కూల్‌కూ లక్షలు కట్టొద్దని చెప్పు.

కొన్నాళ్లు బాధపడు. బాధ లేనట్టు నటించమని నేను చెప్పను. పుస్తకాలు మాత్రం మూసేయకు. నీ లోపం తేలికపాటిదో తీవ్రమైనదో తెలిశాక ఏ బ్రాంచ్‌కు అర్హత ఉందో ఇద్దరం కూర్చుని చూద్దాం. డాక్టరు ఇచ్చిన కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అపాయింట్‌మెంట్ రోజు ముందే చెబితే విశాఖకు నేను కూడా వస్తాను.

మీ మావయ్య