భాషా కోర్సు కోసం ఇల్లు తనఖా పెట్టవచ్చా?

ప్రశ్న: ఖమ్మంలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. నెలకు 55,000 రూపాయలు వస్తాయి, ఇంటి ఖర్చు 38,000, బ్యాంకులో 70,000 ఉన్నాయి. బీకాం పూర్తిచేసిన మా అబ్బాయి ఇంట్లో ఉంటే ఇంగ్లిష్‌పై పట్టు రావడం లేదని, లండన్‌లో 11 నెలల భాషా కోర్సుకు పంపమని అడుగుతున్నాడు. ఇల్లు తనఖా పెట్టి 12 శాతానికి 9 లక్షలు, బయట రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తేవాలనుకుంటున్నాను. అక్కడ పార్ట్‌టైమ్ పని చేసి వడ్డీ కడతానంటున్నాడు.

జవాబు: దయచేసి ఈ అప్పు చేయకండి. పిల్లల చదువు అనగానే లెక్క చూడకుండా ఇల్లు తాకట్టు పెట్టే పొరపాటు ఎన్నో కుటుంబాల్లో చూస్తున్నాను కనుక మీ లెక్కనే అందరి ముందు ఉంచుతున్నాను. 9 లక్షలకు నెలకు 9,000, 5 లక్షలకు 10,000, మొత్తం 19,000 వడ్డీకే పోతాయి. అసలు ఒక్క రూపాయి తగ్గదు. మీకు మిగిలేది 17,000 మాత్రమే, అంటే ఇంట్లో ఎవరికీ జ్వరమైనా రాకపోయినా ప్రతి నెలా 2,000 లోటు తప్పదు. దాన్ని అబ్బాయి సంపాదన పూడుస్తుందన్న ఆశా నిలవదు. ఇంగ్లిష్ కోర్సు కోసం బ్రిటన్ 6 నుంచి 11 నెలలకు ఇచ్చే స్వల్పకాలిక స్టడీ వీసాపై పనిచేయడానికి అనుమతి లేదు, దాన్ని పొడిగించుకోవడమూ కుదరదు. ఇది తెలుసుకోకుండానే రెండు రూపాయల వడ్డీకి సంతకం పెట్టబోయారంటే నాకు భయం వేస్తోంది.

అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ 70,000. అప్పు తెచ్చాక దుకాణం మూతపడితే అది 40 రోజులైనా రాదు. అసలు అప్పు లేకుండానే మీ దగ్గర ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 2,28,000 రూపాయలు, ముట్టుకోని అత్యవసర నిధిగా ఉండాలి. ఈ నెల నుంచే 14,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఆ నిధికి తక్కువైన 1,58,000 ఏడాదిలో సమకూరుతుంది. మిగిలే 3,000 నుంచి మీ పేరిట టర్మ్ పాలసీ, అంటే గడువులోగా మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, తీసుకోండి.

చుట్టూ మరో భాష వినిపించని చోట నోరు తిరుగుతుందన్న అబ్బాయి మాటలో నిజముంది. అయితే అక్కడ అద్దె భారం పంచుకోవడానికి తెలుగువాళ్లతోనే గది తీసుకుంటే ఇంగ్లిష్ మాట్లాడాల్సిన అవసరం సాయంత్రానికల్లా తీరిపోతుంది. బీకాం చదివాడు కనుక ఖమ్మంలోనే ఆడిటర్ దగ్గర చేరమనండి; నోటీసులు, వాటికి రాయాల్సిన జవాబులు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఆ జీతంతోనే ఆరు నెలల తర్వాతి తేదీకి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష ఫీజు కట్టమనండి. ఆ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఆలోగా డిగ్రీ ఇచ్చే కోర్సులో సీటు వస్తే బ్యాంకు విద్యారుణం గురించి అప్పుడు ఆలోచించవచ్చు. ఇంటి దస్తావేజులు ఇప్పటికే ఎవరి చేతికైనా ఇచ్చి ఉంటే ఈ వారమే వెనక్కి తెచ్చుకోండి.