ఫ్రేమ్ కట్టించే ముందు నీ బొమ్మ అంచు ఒకసారి చూడు తల్లీ

అమ్మాయీ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి రెండుసార్లు చూశాను, పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. మూడు కలంకారీ గుడ్డలు, తొమ్మిది నీటిరంగుల బొమ్మలు, మొత్తం పన్నెండు. ఎగ్జిబిషన్‌కి ఇంకా నెల కూడా లేదని, నిద్ర లేకుండా టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. "మామయ్యా, అన్నిటికీ బంగారు రంగు ఫ్రేమ్ వేయించేస్తే రిచ్‌గా ఉంటుంది కదా" అని అడిగావు. వద్దు. ఎందుకు వద్దో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక ఇంత రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో ముప్పై ఏళ్ళకి పైగా పటాలు కట్టాను. తిరుపతిలో ఈ పని చేసేవాడి దగ్గరికి ఎక్కువగా వచ్చేవి స్వామివారి పటాలే. వాటికి బంగారు రంగు పట్టీలే వేశాను, అవే వెయ్యాలి కూడా. గుళ్ళో ఉత్సవమూర్తి వెనక మకరతోరణం ఎలాగో, ఇంట్లో స్వామి పటానికి ఆ మెరిసే చట్రం అలాగ. ఆ పటం ముందు నిలబడ్డవాళ్ళు గీత ఎలా ఉంది, రంగు ఎలా పడింది అని చూడరు, దణ్ణం పెట్టుకుంటారు. తంజావూరు పటమూ అంతే, దాన్లోనే బంగారు రేకు, రాళ్ళు ఉంటాయి కాబట్టి ఎంత బరువైన టేకు ఫ్రేమ్ వేసినా తట్టుకుంటుంది. నీవి అలాంటివి కావు. చంద్రగిరి రాజమహల్ గోడ మీద సాయంత్రం ఎండ వేశావు చూడు, ఆ పసుపు ఎంత పల్చగా ఉందంటే, పక్కన బంగారు పట్టీ పెట్టిన క్షణంలో అది మురికి పసుపు అయిపోతుంది.

ముందు కలంకారీ సంగతి. ఆ మూడు గుడ్డలకీ నువ్వే అంచు గీశావు. ఒకదానికి తీగ, ఒకదానికి హంసల వరస, రామాయణం గుడ్డకి గళ్ళు గళ్ళుగా కథ, గళ్ళ కింద పట్టీల్లో తెలుగు అక్షరాలు. ఆ అంచు బొమ్మ చుట్టూ ఉన్న అలంకారం కాదమ్మా, బొమ్మలో భాగం. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పేది అదే. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో మంటపం కప్పు చూశావు కదా, 16వ శతాబ్దం నాటి బొమ్మలు, వాటికి చెక్క చట్రం ఎక్కడుంది? చుట్టూ గీసిన అంచులే ఒక కథని ఇంకో కథలో కలవకుండా ఆపుతున్నాయి. ముగ్గు వేశాక చుట్టూ ఎర్రమన్ను గీత గీస్తాం, అది ముగ్గులోదే కదా, వాకిలిది కాదు. ఫ్రేమ్ అలా కాదు. అది గోడకీ బొమ్మకీ మధ్య నిలబడేది. అంచు ఉన్న బొమ్మకి మళ్ళీ ఇంకో అంచులాగా కనబడే ఫ్రేమ్ కడితే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, మధ్యలో బొమ్మ చిన్నదైపోతుంది.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. కొట్టు పెట్టిన కొత్తల్లో ఒకాయన శ్రీకాళహస్తి గుడ్డ ఒకటి తెచ్చి, రెండ్రోజుల్లో కావాలన్నాడు. నా దగ్గరున్న గాజు పలకకి గుడ్డ రెండు అంగుళాలు ఎక్కువైంది. కొత్త గాజు తెప్పించే తీరిక లేక కింద అంచు వెనక్కి మడిచేసి, లాగి, చుట్టూ చిన్న మేకులు కొట్టి బిగించాను. పని శుభ్రంగానే ఉందనుకున్నాను. తీసుకెళ్ళడానికి ఆయనతో పాటు ఆ గుడ్డ వేసిన పెద్దావిడ వచ్చింది. ఏమీ అనలేదు. ఫ్రేమ్ కింది పట్టీ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా జరిపి, "ఇక్కడ పద్యం రాశాను నాయనా" అంది. అంతే. ఆ రాత్రే ఊడదీసి నా ఖర్చుతో పెద్ద గాజు తెప్పించి మళ్ళీ కట్టాను గానీ, మడత పడ్డ చోట గీత మాత్రం పోలేదు. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ అది, అట్ట మీద గట్టిగా నొక్కిన మడతని మర్చిపోదు. నీ గుడ్డల్లో ఏదీ, ఎంత చిన్న ముక్కయినా, ఎవరినీ మడవనివ్వకు. "ఒక్క అంగుళమే కదమ్మా, ఏం కనబడదు" అంటారు. వినకు.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. చేత్తో గీసిన అంచు తిన్నగా ఉండదు. నీ హంసల గుడ్డ ఎడమ పక్క, పై నుంచి మూడో హంస దగ్గర గీత వేలెడు దూరంలో ఒక నూలుపోగంత లోపలికి వచ్చింది. గుడ్డ విడిగా ఉన్నప్పుడు అది అందం, చెయ్యి కదిలిన జాడ. దాని పక్కనే మిషన్ మీద కోసిన తిన్నటి చెక్క తెచ్చి ఆనిస్తే మాత్రం అదే వంకర అయిపోతుంది, చూసేవాడి కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అందుకే గుడ్డ చివరకీ ఫ్రేమ్‌కీ మధ్య కనీసం అంగుళం, వీలైతే ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలాలి. వెనక అట్టకి ఉతికిన తెల్లటి నూలు గుడ్డ తొడిగి, దాని మీద నీ కలంకారీని వదులుగా పరిచి, పై అంచు పొడుగునా సన్న దారంతో అక్కడక్కడా కుట్టమను. మిగతా మూడు పక్కలా లాగకూడదు. నాలుగు పక్కలా లాగితే అంచు విల్లులా వంగుతుంది. ఫెవికాల్ డబ్బా కనబడితే గుడ్డ తీసుకుని వచ్చేయ్.

నీటిరంగులకి వేరే లెక్క. వాటికి అంచు లేదు, కాబట్టి అక్కడ మౌంట్, అంటే బొమ్మకీ ఫ్రేమ్‌కీ మధ్య కిటికీలా కోసి పెట్టే అట్ట, కావాలి. గాజు కాగితాన్ని తాకకుండా ఆపేదీ అదే, బొమ్మకి ఊపిరి ఇచ్చేదీ అదే. నువ్వు వేసిన సైజుకి, పన్నెండు బై పదిహేను అంగుళాలకి, మూడు పక్కలా రెండున్నర అంగుళాలు, కింద మాత్రం మూడు వదులు. నాలుగు పక్కలా సమానంగా కోస్తే బొమ్మ కిందికి జారినట్టు కనబడుతుంది, స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గానే ఉంటుంది గానీ కన్ను ఒప్పుకోదు. మౌంట్ కిటికీ కోసేటప్పుడు బొమ్మ చుట్టూ కొంచెం లోపలికి కోస్తారు, అట్ట కాగితాన్ని పట్టుకోవాలి కాబట్టి. అక్కడే నీ సంతకం పోతుంది. మూడు బొమ్మల మీద మరీ అడుగున పెట్టావు సంతకం. ఆ మూడింటికీ కాగితం చివర్లు కూడా కనబడేలా మౌంట్ కిటికీ పెద్దది కోయించు.

ఇప్పుడు నువ్వు ఇంట్లో చెయ్యాల్సిన పని చెప్తాను, దుకాణానికి వెళ్ళేముందే చెయ్యి. చీరల పెట్టె అట్ట రెండు ముక్కలు 'ఎల్' ఆకారంలో కోసుకో, ఒక్కో కాలు అడుగున్నర పొడుగు, మూడంగుళాల వెడల్పు. ఒకవైపు తెల్ల కాగితం, ఇంకోవైపు ముదురు రంగు కాగితం అంటించు. ఆ రెండు ఎల్‌లనీ ఎదురెదురుగా బొమ్మ మీద పెట్టి దగ్గరికి, దూరానికి జరుపుతూ చూడు. కపిలతీర్థం బొమ్మ తీసుకో. తెల్లవైపు పెట్టినప్పుడు జలపాతం బూడిదరంగుగా, రాళ్ళు బరువుగా కనబడతాయి. తిప్పి ముదురువైపు పెట్టు. అదే జలపాతం వెలుగుతుంది, కానీ నీడలో నువ్వు అంత కష్టపడి వేసిన నీలాలన్నీ మాయమవుతాయి. బొమ్మ మీద నువ్వు చెయ్యి వెయ్యలేదు, పక్కన రంగు మార్చావంతే. ఒక్కో బొమ్మకీ పది నిమిషాలు ఇలా కూర్చో, ఏది కావాలో నీకే తెలిసిపోతుంది, నన్ను అడగక్కర్లేదు. ఆ కపిలతీర్థానికి నేనైతే తెలుపూ కాకుండా నలుపూ కాకుండా మీగడ రంగు వేస్తాను.

దీని వెనక పెద్ద చదువే ఉంది. ఫ్రాన్సులో గోబెలిన్ అనే బొమ్మల తివాచీల కార్ఖానాలో అద్దకం పని చూసిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త, రంగు దారాలు మసకగా కనబడుతున్నాయని ఫిర్యాదులు వస్తే, తప్పు రంగులో లేదు, పక్కన పెట్టిన దారం రంగులో ఉందని కనిపెట్టి 1839లో పుస్తకం వేశాడు. ఆ మాటలు చదివిన సరా అనే చిత్రకారుడు, నది ఒడ్డున ఆదివారం గడిపే జనాన్ని చుక్కలు చుక్కలుగా 1884 నుంచి 1886 దాకా అంత పెద్ద కాన్వాసు మీద వేసి, కొన్నేళ్ళకి మళ్ళీ దాన్ని సాగదీసి, చుట్టూ చుక్కలతోనే అంచు వేశాడు. ఆ అంచు రంగు ఎక్కడికక్కడ మారుతుంది, పక్కనున్న బొమ్మ రంగుకి ఎదురు రంగు పడేలా. బయట ఫ్రేమ్ మాత్రం తెల్లటిది ఎంచుకున్నాడు. షికాగో మ్యూజియంలో ఉంది. ఈసారి మీ అన్నయ్య అమెరికా నుంచి వీడియో కాల్ చేస్తే వెళ్ళి చూడమను. అంచు గీసినవాడే ఫ్రేమ్‌ని అంత నిశ్శబ్దంగా ఉంచాడంటే నాకు చాలా ఇష్టం.

ఫ్రేమ్ పట్టీ విషయానికొస్తే, పన్నెండింటికీ ఒకటే రకం వెయ్యి. ముప్పాతిక అంగుళం వెడల్పు, లేత చెక్క రంగు, మెరుపు లేనిది. టేకు రంగు పాలిష్ వద్దు, నీ కలంకారీ అంచు ఎరుపుకీ దానికీ తేడా తెలియక రెండూ కలిసిపోతాయి. తొమ్మిది బొమ్మలకి తొమ్మిది రకాల పట్టీలు వేస్తే జనం పట్టీలు చూసి వెళ్ళిపోతారు.

వెనక ఏం పెడుతున్నారో దగ్గరుండి చూడు, చూసేవాళ్ళకి కనబడదని చాలామంది అక్కడే మిగుల్చుకుంటారు. పాత న్యూస్‌పేపరు, మామూలు అట్ట పెడితే నాలుగైదేళ్ళకి ఆ పసుపు నీ కాగితంలోకి దిగుతుంది. ఆమ్లం లేని బోర్డు కావాలని అడుగు, తిరుపతిలో దొరక్కపోతే చెన్నై నుంచి తెప్పిస్తారు, ఖర్చు ఎక్కువే, అయినా పెట్టు. సెల్లోటేపు అసలొద్దు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గోడ చెమ్మ పీలుస్తుంది, కాబట్టి ఫ్రేమ్ వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్ళలు అంటించి గోడకి ఆనకుండా గాలి ఆడనివ్వు. కలంకారీకి గాజు ఆనకుండా లోపల అర అంగుళం చెక్క పట్టీ వెయ్యమను. రామాయణం గుడ్డ మూడడుగులు బై నాలుగడుగులు, దానికి 2 మిల్లీమీటర్ల గాజు వేస్తేనే ఐదున్నర కిలోలు అవుతుంది, నువ్వు దాన్ని బస్సులో మోసుకెళ్ళాలి. దానికి గాజు బదులు యాక్రిలిక్ షీటు వేయించు, సగం బరువు కూడా ఉండదు, పగలదు. గీతలు పడతాయి, మెత్తటి గుడ్డతోనే తుడవాలి. లామినేషన్ చేయిస్తే చవక అని ఎవరైనా అంటే ఆ కొట్టు మెట్లు దిగేయ్.

తగిలించేటప్పుడు బొమ్మ నడిమధ్య భాగం నేల నుంచి ఐదడుగుల లోపు, ఒక యాభై ఎనిమిది అంగుళాల దగ్గర ఉండాలి, అన్నిటికీ అదే లెక్క. ఇళ్ళల్లో పటాలు గుమ్మం పైన పెడతాం, ఆ అలవాటుతో హాల్లో మేకులు పైకి కొట్టేస్తారు. ఎండ పడే గోడకి కలంకారీ వద్దు, ఆకుల రంగులు, చెక్కల రంగులు ఎండకి వెలిసిపోతాయి.

శనివారం బొమ్మలు తీసుకుని రా. కొట్టు ఇప్పుడు మీ బావ చూస్తున్నాడు గానీ నీ పన్నెండూ నేనే దగ్గరుండి కట్టిస్తాను. గుడ్డలు మడిచి తేకు, ప్లాస్టిక్ పైపుకి పాత పంచె చుట్టి, దాని మీద బొమ్మ బయటికి ఉండేలా చుట్టుకుని రా. ఆ అట్ట ఎల్‌లు కూడా తీసుకురా, ఏ బొమ్మకి ఏ రంగు అనుకున్నావో వెనక పెన్సిల్‌తో రాసి పెట్టు.

మీ మామయ్య