స్పామ్‌లో దొరికిన ఇంటర్వ్యూ పిలుపు

ప్రశ్న: సార్, మాది తిరుచానూరు. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగాలకు అప్లై చేస్తోంది. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే మెయిల్ ఐడీ, అది నా ఫోన్లో ఉంటుంది. పోయిన నెల ఒక కంపెనీ ఇంటర్వ్యూకి రమ్మని పంపిన మెయిల్ స్పామ్‌లో పడింది. మేం చూసేసరికి తేదీ దాటి నాలుగు రోజులైంది. అమ్మాయి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇందులో నా తప్పేముంది? అసలు ఆ స్పామ్ ఫిల్టర్‌ని పూర్తిగా ఆపేయొచ్చా?
- ఒక తండ్రి, తిరుచానూరు

జవాబు: ముందు ఆ కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టించండి సార్. మీ మెయిల్ స్పామ్‌లో పడింది, ఇప్పుడే చూశాం, ఇంకో అవకాశం ఉంటే చెప్పండి అని రెండు ముక్కలు చాలు, ఫోన్ నంబరు ఉంటే ఫోన్ కూడా చేయమనండి. అడిగితే పోయేదేం లేదు.

ఇక ఫిల్టర్ సంగతి. జీమెయిల్‌లో దాన్ని మొత్తంగా ఆపేసే స్విచ్ లేదు, ఉన్నా నొక్కమని నేను చెప్పను, లాటరీలూ లోన్లూ వచ్చి పడే ఆ కుప్పలో ఇంటర్వ్యూ మెయిల్‌ని వెతుక్కోవడం ఇంకా కష్టం.

మీ తప్పేముందన్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తీస్తే పదిహేను జాబ్ అలర్ట్‌లు కనిపిస్తాయి, ఈ గోలేందిరా అని అన్నిటినీ ఒకేసారి పట్టుకుని 'రిపోర్ట్ స్పామ్' కొట్టేస్తారు, ఇల్లు ఊడ్చినట్టు హాయిగా ఉంటుంది. ఈ అలవాటు మీకుందా? చాలా ఇళ్లలో ఉంది, మా ఇంట్లో నాకే ఉండేది. డిలీట్ వేరు, రిపోర్ట్ స్పామ్ వేరు. డిలీట్ అంటే ఈ కాగితం నాకొద్దు అని, రిపోర్ట్ స్పామ్ అంటే ఈ మనిషిని గుమ్మం ఎక్కనివ్వొద్దు అని. అలర్ట్‌లు పంపిన అడ్రస్ నుంచే రేపు ఇంటర్వ్యూ పిలుపు కూడా వస్తే, మీరు చెప్పిన మాట ప్రకారమే ఫిల్టర్ దాన్ని పక్కన పడేస్తుంది. మీ విషయంలో ఇదే జరిగిందని ఖాయంగా అనను, పంపినవాళ్ల సర్వర్ సరిగ్గా లేకపోయినా, ఆ మెయిళ్ల మీద వేరేవాళ్లు ఫిర్యాదులు చేసినా అలాగే పడుతుంది. ఆ మెయిల్‌నే స్పామ్‌లో తెరిచి చూడండి, ఇది స్పామ్‌లో ఎందుకుందో చెప్పే చిన్న పెట్టె పైనే ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు.

అది నిజంగా ఆ కంపెనీదే అని తేలాక, పైన మూడు చుక్కలు నొక్కి 'రిపోర్ట్ నాట్ స్పామ్' కొట్టండి. మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది, ఫిల్టర్‌కి కూడా ఒక పాఠం చెప్పినట్టవుతుంది. ఆ అడ్రస్‌ని కాంటాక్ట్స్‌లో పెట్టుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే సొంత ఫిల్టర్, అంటే ఫలానా మెయిల్ వస్తే ఇలా చెయ్ అనే రూల్, రాసుకోవాలి, అది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ ముందు కూర్చోవాలి, అమ్మాయినే కూర్చోమనండి. జీమెయిల్ తెరిచి, సెర్చ్ పెట్టెకి కుడి పక్కనున్న గుర్తు నొక్కితే ఒక ఫారం వస్తుంది, అందులో 'ఫ్రమ్' దగ్గర కంపెనీ అడ్రస్ పెట్టాలి, పూర్తి అడ్రస్ తెలియకపోతే ఎట్ గుర్తు నుంచి చివరి దాకా ఉన్న భాగం పెట్టినా సరే. తర్వాత 'క్రియేట్ ఫిల్టర్', అందులో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' దగ్గర టిక్. అంతే. ఒకసారి పెడితే ఫోన్లోనూ అదే నడుస్తుంది. అమ్మాయి అప్లై చేసిన ప్రతి కంపెనీకీ ఇలా ఒకటి పెట్టుకోవచ్చు, పది కంపెనీలకు అరగంట పని.

అలర్ట్‌ల గోల తగ్గాలంటే, మనం రిజిస్టర్ చేసుకున్న చోట నుంచి వచ్చేవాటికి పంపినవాళ్ల పేరు పక్కనే జీమెయిల్ చూపించే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కండి. ముక్కూమొహం తెలియని మెయిల్ లోపల అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం ముట్టుకోవద్దు, ఈ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. వాటికి రిపోర్ట్ స్పామే సరైన మందు.

స్పామ్‌లో పడ్డవి 30 రోజులకు వాటంతటవే పోతాయి, మళ్లీ రావు. అందుకే ఉద్యోగాలు వెతికే రోజుల్లో రోజుకోసారి, మామూలు రోజుల్లో వారానికోసారి ఆ ఫోల్డర్ తెరవాలి. ఇన్‌బాక్స్‌లో వెతికాను, దొరకలేదు అంటే లెక్కలోకి రాదు, మామూలు సెర్చ్ స్పామ్‌ని చూడదు. కంప్యూటర్లో అదే సెర్చ్ ఫారంలో 'మెయిల్ అండ్ స్పామ్ అండ్ ట్రాష్' అని ఎంచుకుని వెతకాలి.

ఇంకోటి, స్పామ్‌లో ఉన్నదంతా దారి తప్పిన బంగారం కాదు. శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది, యూనిఫాం డిపాజిట్ కట్టండి అనే రకం కూడా అక్కడే ఉంటుంది. పైన కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ఎట్ గుర్తు తర్వాత ఏముందో అది చూడాలి. డబ్బు అడిగారంటే అది ఉద్యోగం కాదు.

చివరిగా, అమ్మాయికి సొంత మెయిల్ ఐడీ పెట్టించండి సార్. బీరువా తాళం లాంటిది అది, ఇంటిల్లిపాదీ పంచుకునేది కాదు. మాటలు కలవడానికి కూడా అదే దారి అనుకుంటా.

ప్రశ్న: అన్నా, చిత్తూరులో మామిడి తాండ్ర, పచ్చళ్ల వ్యాపారం చిన్నగా చేస్తున్నాం. సొంత వెబ్‌సైటు పేరుతో మెయిల్ ఐడీ తీసుకున్నాం. మేం పంపే రేట్ల పట్టీలు కస్టమర్ల స్పామ్‌లోకి పోతున్నాయి. ఏ సెట్టింగ్ మార్చాలి?
- ఒక వ్యాపారి, చిత్తూరు

జవాబు: సెట్టింగ్ మీ ఇన్‌బాక్స్‌లో లేదన్నా, మీ డొమైన్‌లో, అంటే ఆ వెబ్‌సైటు పేరులో ఉంది. జూన్, జులైలో పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి ట్రాక్టర్ల లైను మీకు నేను చెప్పాలా? కాయ ఎంత బాగున్నా టోకెన్ లేని బండి గేటు దాటదు. మెయిల్‌కి కూడా మూడు టోకెన్లు ఉన్నాయి. ఎస్‌పీఎఫ్ అంటే మా పేరు మీద ఫలానా సర్వర్లు మాత్రమే మెయిల్ పంపొచ్చు అని రాసిపెట్టే జాబితా. డీకిమ్ అంటే ఈ మెయిల్ మా దగ్గర నుంచే బయల్దేరింది, దారిలో ఎవరూ మార్చలేదు అని వేసే సీలు. డీమార్క్ అంటే ఈ రెండూ సరిపోకపోతే ఆ మెయిల్‌ని లోపలికి వదలాలా, స్పామ్‌లో వేయాలా, తిప్పి పంపాలా అని గేటు మనిషికి మనమిచ్చే మాట.

మీకున్నాయో లేవో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కంపెనీ ఐడీ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపుకోండి, కంప్యూటర్లో దాన్ని తెరిచి మూడు చుక్కల్లో 'షో ఒరిజినల్' నొక్కండి. పైన ఈ మూడు పేర్లూ, వాటి పక్కన పాస్ అని ఉండాలి. ఫెయిల్ అని ఉన్నా, అసలు పేరే కనిపించకపోయినా, డొమైన్ అమ్మినవాళ్లకో మీ వెబ్‌సైటు చేసిన కుర్రాడికో ఫోన్ చేసి ఈ మూడు రికార్డులూ పెట్టమనండి. తెలిసినవాళ్లకు పెద్ద పనేం కాదు, ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ రూల్ గట్టిగా పట్టుకుంది. జీమెయిల్‌కి పంపే ఎవరికైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి, రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకైతే మూడూ ఉండాలి, ప్రచారం మెయిళ్లయితే ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు కూడా ఇవ్వాలి. స్పామ్ అని కొట్టేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదు, అంటే వెయ్యి మెయిళ్లకు ముగ్గురు కొట్టినా కష్టమే. మీరు అంతమందికి పంపరు, నిజమే, కానీ 300 మంది అడ్రస్‌లు ఒకరివి ఒకరికి కనిపించని బీసీసీ గడిలో కుక్కి ఒకేసారి రేట్ల పట్టీ పంపే పని చేస్తుంటే మాత్రం ఆపేయండి. ఎవరి దగ్గరో కొన్న అడ్రస్‌ల లిస్టయితే ఇంకా చేటు, అడగని మనిషికి పంపితే వాడు స్పామ్ కొడతాడు, ఆ దెబ్బ అడిగి మరీ తెప్పించుకునే మీ పాత కస్టమర్ మీద కూడా పడుతుంది. పాతవాళ్లకు ఒక ఫోన్ చేసి, మా మెయిల్ స్పామ్‌లో ఉంటే నాట్ స్పామ్ కొట్టండి అని చెప్పండి. నలుగురు కొట్టినా మేలే.

ప్రశ్న: తిరుపతిలో బస్టాండ్ దగ్గర చిన్న లాడ్జీ చూసుకుంటాను. రూముల కోసం యాత్రికులు పంపే మెయిళ్లు తిరిగి వాళ్లకే పోతున్నాయట. ఇది కూడా స్పామేనా?
- ఒక మేనేజర్, తిరుపతి

జవాబు: కాదు స్వామీ, మీ రూములు నిండినట్టే మీ మెయిల్ కూడా నిండి ఉంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు, ఫోటోలకూ డ్రైవ్‌కూ అన్నిటికీ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే లెక్క, లాడ్జీ ఫోన్లో ఆధార్ ఫోటోలన్నీ వాట్సాప్‌కి వస్తుంటాయి కదా, అక్కడే సగం పోయుంటుంది. బ్యాకప్‌లో వీడియోలు ఆపేయండి. మెయిల్‌లో పెద్ద అటాచ్‌మెంట్లు ఉన్నవి వెతికి తీసేసి, ట్రాష్, స్పామ్ రెండూ ఖాళీ చేయండి, అందులో ఉన్నవి కూడా చోటు తింటాయి.

ప్రశ్న: నా మెయిల్ ఐడీ నుంచే నాకు మెయిల్ వచ్చింది. నీ ఫోన్ హ్యాక్ చేశాం, కెమెరాతో వీడియో తీశాం, బిట్‌కాయిన్‌లో డబ్బు పంపకపోతే అందరికీ పంపుతాం అని. రెండు రోజులుగా నిద్ర లేదు.
- ఒక స్టూడెంట్, తిరుపతి

జవాబు: టెన్షన్ పడకు తమ్ముడూ, డబ్బు పంపకు, జవాబూ ఇవ్వకు. కవరు వెనక 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాసి పోస్టులో వేయొచ్చు, ఇదీ అంతే. ఇదే మెయిల్ అక్షరం పొల్లు పోకుండా లక్షల మందికి వెళ్లుంటుంది. అయినా అనుమానం తీరాలి కాబట్టి పాస్‌వర్డ్ మార్చి, పాస్‌వర్డ్ తర్వాత ఇంకోసారి నువ్వేనా అని అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకో. తర్వాత కంప్యూటర్లో జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఫిల్టర్స్', 'ఫార్వర్డింగ్' రెండూ చూడు, నువ్వు పెట్టనిది ఏదైనా ఉంటే తీసేయ్, అకౌంట్‌లోకి దూరినవాళ్లు మన మెయిళ్లు వాళ్లకు పోయేలా అక్కడే మెలిక పెడతారు. ఇన్‌బాక్స్ అడుగున కుడి మూల 'డీటెయిల్స్' నొక్కితే ఈ మధ్య ఎక్కడెక్కడి నుంచి తెరిచారో కనిపిస్తుంది, తెలియనిది ఉంటే వెబ్‌లో తెరిచిన మిగతా చోట్లన్నీ సైన్ అవుట్ చేసే బటన్ కూడా అక్కడే ఉంది. ఒకవేళ డబ్బు ఇప్పటికే పంపేసి ఉంటే, సిగ్గుపడకుండా ఇప్పుడే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.