ఆక్యుపేషనల్ థెరపిస్టును ఎలా వెతకాలి?

నాలుగేళ్ల బాబు పెన్సిల్ పట్టుకోలేకపోతున్నాడు, డాక్టరు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రాయడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకోగలిగేలా ఇచ్చే శిక్షణ) రాశారు, ఊళ్లో ఎవరున్నారో తెలియడం లేదన్నారు కదండీ. ముందు మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో అడగండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు అక్కడ పరీక్షలు, చికిత్స ఉచితం. థెరపిస్టు ఏ రోజుల్లో ఉంటారో ఫోనులో కనుక్కొని వెళ్లండి, కొన్నిచోట్ల ఆ పోస్టు ఖాళీగా ఉంటుంది. హైదరాబాద్ వెళ్లగలిగితే మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ) ఒకసారి పూర్తి అసెస్‌మెంట్ చేయించి, ఆ రిపోర్టుతో దగ్గర్లో థెరపీ కొనసాగించవచ్చు.

ప్రైవేటు సెంటరైతే బోర్డు చూసి నమ్మకండి. బీఓటీ లేదా ఎంఓటీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా అని నేరుగా అడగండి. బీపీటీ అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, అది వేరే చదువు. కొన్నిచోట్ల అసెస్‌మెంట్ ఒకరు చేస్తారు, సెషన్ శిక్షణ లేని సహాయకులు నడుపుతారు. బిడ్డ నెలల తరబడి వెళ్లినా మార్పు కనిపించకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అందుకే సెషన్ ఎవరు చేస్తారు, మీరు లోపల కూర్చోవచ్చా, ఇంట్లో ఏం చేయించాలో రాసిస్తారా అని తేల్చుకోండి. లక్ష్యం కూడా కొలిచేలా ఉండాలి: ‘మెరుగవుతాడు’ కాదు, ‘మూడు నెలల్లో చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలి’ అన్నట్టు. అసెస్‌మెంట్ కాకముందే ఆరు నెలల ప్యాకేజీ కట్టమంటే కట్టకండి.