విడాకుల తర్వాత పుట్టింటి ఇంటిపేరు: ముందు మీ పదో తరగతి మెమో తీయండి

ప్రశ్న: పెళ్లయ్యాక ఆధార్, పాన్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా అన్నింట్లో ఆయన ఇంటిపేరు చేర్పించుకున్నాను. పోయిన నెల పరస్పర అంగీకారంతో విడాకులు మంజూరయ్యాయి. మళ్లీ పుట్టింటి ఇంటిపేరుకు మారాలంటే ఇంకో కేసు వేయాలా? ఆయన సంతకం కావాలా? ఏడేళ్ల బాబు నా దగ్గరే ఉంటాడు. వాడి ఇంటిపేరు కూడా మార్చుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కేసూ అక్కర్లేదు, ఆయన సంతకమూ అక్కర్లేదమ్మా. భార్య భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. అలాంటప్పుడు దాన్ని వదులుకోవడానికి ఆయన్ని అడిగే పనేముంది? పుట్టింటి పేరుకు మారాలనుకునే స్త్రీని కేంద్ర గెజిట్ (పేరు మార్పును అధికారికంగా ప్రకటించే ప్రభుత్వ రాజపత్రం) వాళ్లు విడాకుల డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన తీర్పు పత్రం గానీ భర్త నిరభ్యంతర పత్రం గానీ అడగడాన్ని 2024లో ఒక మహిళ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. మీ చేతిలో డిక్రీ ఉంది కాబట్టి ఆ తలనొప్పి మీకు లేదు.

నా అనుభవంలో ఇలాంటి వ్యవహారాల్లో ఇబ్బంది పెట్టేది చట్టం కాదు, స్పెల్లింగు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తానికి రెండే అవకాశాలు. పెళ్లప్పుడు ఒకటి వాడేసి ఉంటారు, ఇప్పుడిది రెండోది. అందుకని మీ పదో తరగతి మెమో ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా మాత్రమే ఉంటే, పూర్తిగా ఎలా రాయాలో ఇప్పుడే తేల్చుకోండి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు.

కోర్టు కాపీ సెక్షన్‌లో అప్లికేషన్ పెట్టి డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మూడు, నాలుగు తీసుకోండి. ఒకటే తీసుకుని ప్రతి ఆఫీసుకీ తిప్పుతూ పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకో మాట, కోపంలో పెళ్లి సర్టిఫికెట్ చించేయకండి. డిక్రీలో ఉండేది మీ ఇప్పటి పేరు, మెమోలో ఉన్నది పాత పేరు. ఇద్దరూ ఒకరేనని నిరూపించేది ఆ కాగితమే.

ముందు ఆధార్, ఆ తర్వాత పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు రీఇష్యూ. ఈ వరస తప్పితే పేర్లు సరిపోలక తిరిగి మొదటికొస్తారు. పాన్ నంబరు మారదు, పేరే మారుతుంది. చాలాచోట్ల డిక్రీతో పని జరిగిపోతుంది. ఎక్కడైనా గెజిట్ కావాలంటే నోటరీ అఫిడవిట్ చేయించి, ఒక తెలుగు, ఒక ఇంగ్లీషు పత్రికలో ప్రకటన ఇచ్చి, హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణ శాఖలో దరఖాస్తు చేసుకోవాలి. ప్రభుత్వోద్యోగి అయితే మాత్రం గెజిట్ ముందే తీసుకోండి. ఆధార్‌లో చిరునామా దగ్గర ఆయన పేరు ఉంటే టెన్షన్ పడకండి, అది చిరునామా మార్పు కిందికే వస్తుంది, దానికి రెండుసార్ల పరిమితి లేదు. మీ పేరున స్థలమేదైనా ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమ్మేటప్పుడు రెండు పేర్లూ మీవేనని ఆధారాలు చూపిస్తే చాలు.

బాబు సంగతి అంత తేలిక కాదు. కస్టడీ మీదైనంత మాత్రాన వాడి ఇంటిపేరు మారదు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956 ప్రకారం తండ్రి కూడా సహజ సంరక్షకుడే. 2022లో ఒక తెలుగు కుటుంబం కేసులో బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడ తండ్రి చనిపోయాడు, తల్లి ఒక్కతే సంరక్షకురాలు. మీ విషయంలో ఆయన ఉన్నారు. రాతపూర్వకంగా ఒప్పుకుంటే సరే, లేకుంటే కోర్టుకు వెళ్లాల్సిందే. ముందు మీ ఒప్పంద పత్రంలో బాబు గురించి ఏం రాసుకున్నారో చూడండి.

మీరు అడగలేదు గానీ, బీమా పాలసీల్లోనూ పీఎఫ్‌లోనూ నామినీగా ఎవరున్నారో ఒకసారి చూసుకోండి. విడాకులైనంత మాత్రాన పాలసీలో ఆయన పేరు దానంతటది తొలగిపోదు.