సందేహాలు – సమాధానాలు: పచ్చబొట్టులో ‘స్వేచ్ఛ’ ఎలా రాయాలి?

సందేహం: ముంజేతి మీద ‘స్వేచ్ఛ’ అని పచ్చబొట్టు వేయించుకుందామనుకుంటున్నాను. డిజైన్ గీసినతను ‘స్వేఛ్ఛ’ అని గీశాడు. స్నేహితురాలు చూసి ‘స్వేచ్చ’ అంటే చాలంటోంది. ఏది సరి? దాని కింద మా అమ్మ పేరు రాయించాలి. లక్ష్మి అనాలా, లక్ష్మీ అనాలా? అక్షరాలను ఒకదాని కింద ఒకటి నిలువుగా పేర్చవచ్చా? ఎలాంటి అక్షరశైలి నప్పుతుంది? ఇంకొకటి: పచ్చబొట్టు ‘వేయించుకోవడ’మా, ‘పొడిపించుకోవడ’మా?

సమాధానం: వాళ్లిద్దరూ చెప్పినవి తప్పు, మీరు ఉత్తరంలో రాసింది ఒప్పు. స్వ + ఇచ్ఛ, గుణసంధి జరిగి ‘స్వేచ్ఛ’ అయింది. ‘ఇచ్ఛ’లో పైన ఉన్నది చ, కింద ఒత్తుగా ఉన్నది ఛ. ఛ, ధ లాంటి ఒత్తి పలికే మహాప్రాణాక్షరం జంటగా పలికే చోట మొదటి సగం అల్పప్రాణంగానే (చ, ద లాంటి తేలిక అక్షరంగానే) ఉంటుంది. బుద్ధి, శ్రద్ధ, యుద్ధం అన్నీ ఇలాంటివే. ‘బుధ్ధి’ అని రాస్తే ఎంత తప్పో ‘స్వేఛ్ఛ’ అంత తప్పు. అలాగని కనిపించిన ప్రతి చకారానికీ ఛ ఒత్తు తగిలించకూడదు. ‘ఉచ్చారణ’ను ‘ఉచ్ఛారణ’ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పచ్చబొట్లకు జనం ఎంచుకునే మాటల్లో తరచుగా దెబ్బతినేవి మరికొన్ని: దృఢ (ధృఢ కాదు), శాశ్వతం (శాస్వతం కాదు), ఆత్మస్థైర్యం (స్తైర్యం కాదు), నిశ్శబ్దం (శబ్ధం కాదు).

అమ్మ పేరు సంగతి. సంస్కృతంలో దీర్ఘ ఈకారంతో ముగిసే స్త్రీలింగ పదాలు తెలుగులోకి వచ్చేసరికి చివర హ్రస్వమవుతాయి: నది, గౌరి, లక్ష్మి. సమాసం మధ్యలో పడితే దీర్ఘం నిలుస్తుంది: నదీతీరం, గౌరీశంకర్, లక్ష్మీదేవి. శ్రీ, స్త్రీ వంటి ఒంటి అక్షరపు మాటలకు ఈ హ్రస్వం లేదు. కాబట్టి విడిగా రాస్తే ‘లక్ష్మి’. అయితే మీ అమ్మగారు సంతకంలో ‘లక్ష్మీ’ అని రాసుకునే అలవాటుంటే అదే రాయించండి. సొంత పేరు విషయంలో వ్యాకరణం కన్నా ఆ మనిషి మాటే చెల్లుతుంది.

ఇక అక్షరశైలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే తెలుగులో చిన్న గీతే అక్షరాన్ని మార్చేస్తుంది. తలకట్టును అందం కోసం కుడివైపు సాగదీస్తే ‘క’ కాస్తా ‘కా’గా కనబడుతుంది. గుడి చివర ఒక మెలిక తిప్పితే అది గుడిదీర్ఘం. కొమ్ము తోకను పొడిగిస్తే కొమ్ముదీర్ఘం. మీ మాటలో ఏత్వం చివరి కొక్కెం పోతే ‘స్వె’ అయిపోతుంది. ఇంగ్లీషు కలిపిరాతను చూసి ఆ వంపులన్నీ మన అక్షరాల తలల మీద పెట్టేవాళ్లు చేసే పొరపాటు ఇదే: వాళ్లు అలంకారం అనుకున్నది మనకు గుణింతం. సొగసు చూపించాలంటే క్రారవడి (ర ఒత్తు) ఉన్న మాటలు వీలైనవి. ‘ప్రేమ’లో ఆ గీతను ఎడమకు ఎంత చాచినా చదువు చెడదు. వట్రసుడిని మాత్రం కదపకండి, అది క్రారవడిలా కనిపిస్తే ‘కృ’ ‘క్ర’ అవుతుంది. మీ రెండు మాటల్లోనూ క్రారవడి లేదు గనుక సాదా రాతే మేలు. వంపులు కావాలంటే అక్షరాలకు దూరంగా, పైనో కిందనో ఒక తీగగా గీయించుకోండి.

చర్మంలో సిరా ఏళ్లు గడిచేకొద్దీ కాస్త పాకుతుంది, గీతలు లావెక్కుతాయి, సన్నని సందులు పూడిపోతాయి. మొదట దెబ్బతినేవి ఒత్తులే. ఛ ఒత్తు కింద ఉండే పొట్టి నిలువు గీత కలిసిపోతే అది చ ఒత్తే. ఇంత వ్యాకరణం చూసి రాయించుకున్నా మీ చేతి మీద చివరికి ‘స్వేచ్చ’ మిగులుతుంది. ‘అర్థం’ రాయించుకునేవాళ్లకు థ ఒత్తు కడుపులోని చుక్క పూడిపోతే అది ‘అర్ధం’, అంటే సగం. సున్న చిన్నదైతే నల్లచుక్కగా మారుతుంది. అందుకే కొలత అక్షరంతో కాక ఒత్తుతో మొదలుపెట్టాలి: ఒత్తులోని ఖాళీ గీత మందానికి కనీసం రెండింతలు ఉండాలి. నా అంచనాలో ‘స్వేచ్ఛ’లో ఒత్తు లేకుండా అక్షరం ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గకూడదు. ‘క్ష్మి’లో ష ఒత్తు, మ ఒత్తు, పైన గుడి ఇరుక్కుని ఉంటాయి గనుక దానికి రెండు సెంటీమీటర్లు ఇవ్వండి. ఒత్తులతో కలిపి మొత్తం ఎత్తు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇంగ్లీషు మాటకు చోటు కొలిచే అలవాటున్నవాళ్లు ఇది గమనించక ఒత్తులను నొక్కేస్తారు.

ఫాంట్లలో ‘మండలి’ లాంటి వచనపు అచ్చు రూపాన్ని ఆధారంగా తీసుకోవచ్చు. ‘రామభద్ర’ శీర్షికలకు చేసిన బొద్దు ఫాంటు. గోడమీద బాగుంటుంది, ముంజేతిమీద సందులు మిగలవు. మరీ వెంట్రుకలాంటి గీతలు కూడా వద్దు, అవి వెలిసిపోతాయి. పాతకాలపు కళ కోసం వలపలగిలక (అక్షరం కుడిపక్కన రాసే పాత రేఫ గుర్తు), అరసున్న చల్లుతామనే డిజైనర్లు కొందరున్నారు. వలపలగిలకను ఈనాటి పాఠకుల్లో చాలామంది గుర్తుపట్టలేరు. అరసున్న ‘వాఁడు’ వంటి మాటల్లో దానికి హక్కున్న చోటే రావాలి, నగలా పెట్టుకునేది కాదు.

కంప్యూటరు చేసే తప్పు వేరే ఉంది. ‘స్వేచ్ఛ’ కంటికి రెండు అక్షరాలే కానీ యూనికోడ్‌లో (కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతిలో) ఏడు సంకేతాలు: స, పొల్లు, వ, ఏత్వం, చ, పొల్లు, ఛ. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో దక్షిణాసియా లిపుల అమరిక ఆన్‌లో లేకపోతే ఇవి కలవక, పొల్లులు బయటపడి, ఒత్తులు పక్కకొచ్చి నిలబడతాయి. తెలుగు రానివారు దాన్నే నిజమనుకుని దించేస్తారు. మాటను మెసేజ్‌లో టైపు చేసి పంపకండి. సరిగ్గా కనిపిస్తున్న రూపాన్ని పీడీఎఫ్‌గానో, గీతలుగా మార్చిన బొమ్మగానో ఇవ్వండి. చేత్తో దించేవారికి ఛ ఒత్తు కింది గీతను వేలుపెట్టి చూపించండి, దాన్ని అచ్చు మరక అనుకుని వదిలేస్తారు.

ఆ బొమ్మను అసలు కొలతలో కాగితం మీద ముద్రించి, ఆ మాట ఏమిటో తెలియని ఒకరిచేత రెండు మీటర్ల దూరం నుంచి పైకి చదివించండి. తెలిసినవాళ్లు జ్ఞాపకంతో చదివేస్తారు, తప్పు పట్టుకోలేరు. సూది పెట్టేముందు చర్మం మీద స్టెన్సిల్ అద్దుతారు కదా, అప్పుడు మళ్లీ ఒక్కో ఒత్తూ సరిచూసుకోండి. అద్దంలోనూ సెల్ఫీ కెమెరాలోనూ అక్షరం తిరగబడి కనిపిస్తుంది, నేరుగా చూడండి. తేడా ఉంటే తుడిచేసి మళ్లీ అద్దించుకోవచ్చు. మణికట్టు మడతకు రెండు వేళ్ల దూరమైనా వదలండి; ఒత్తులు మడతలో పడితే త్వరగా చెడతాయి.

నిలువుగా పేర్చవచ్చు. కానీ విడగొట్టాల్సింది అక్షరాలుగా, సంకేతాలుగా కాదు: స్వే, దాని కింద చ్ఛ; ల, దాని కింద క్ష్మి. సున్న ఉన్న మాటలో సున్న తన ముందు అక్షరంతోనే పోతుంది: ధై, ర్యం. పై అక్షరం ఒత్తుకూ కింది అక్షరం తలకట్టుకూ మధ్య బాగా ఎడం వదలండి, లేకపోతే ఒత్తు ఎవరిదో తెలియదు. నన్నడిగితే ఇంత పొట్టి మాటలకు అడ్డంగా రాయడమే హాయి.

పచ్చబొట్టు ‘పొడిపించుకోవడం’ పాత వాడుక, సూదితో పొడిచే పని కాబట్టి. ‘వేయించుకోవడం’ ఇప్పటి వ్యవహారంలో స్థిరపడింది. రెండూ ఒప్పే. టాటూ అన్నప్పుడు మాత్రం ‘వేయించుకోవడం’ అనే అంటున్నారు. ‘టాటూ పొడిపించుకున్నాను’ అనేవాళ్లు అరుదు.